జూ, ఫామ్, సైన్స్ సెంటర్, లేక ఊరికే పార్కు: ఏ వయసు పిల్లలకి ఏది మంచిది?

సెలవు రోజు వస్తోందంటే చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ, ఎక్కడికి తీసుకెళ్దాం అని. సరదాగా ఉండాలి, పిల్లలకి నాలుగు విషయాలు తెలియాలి, మనకి మరీ ఒళ్లు హూనం కాకూడదు. ఒకరు జూ అంటారు, ఇంకొకరు సైన్స్ సెంటర్ అంటారు, ఆఖరికి ఏదో ఒకటి తేల్చుకుని వెళ్తే పిల్ల పులిని ఒక్క క్షణం చూసి, పక్కన పంపు కింద కారుతున్న నీళ్ల దగ్గర అరగంట కూర్చుంటుంది. ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చింది ఇందుకా అని పెద్దవాళ్లకి చిరాకు. కానీ ఆ అరగంటలో ఆ పిల్ల చాలా నేర్చుకుంది. నీళ్లు పల్లానికే పోతాయి, మట్టి అడ్డం పెడితే ఆగుతాయి, ఎక్కువైతే కట్ట తెగుతుంది. ఇవన్నీ ఎవరో చెప్తే విన్నవి కావు, తన చేత్తో చేసి చూసుకున్నవి.

అందుకే ఎంపిక విషయంలో నేను చూసేది ఒక్కటే: అక్కడ పిల్ల స్వయంగా చేయగలిగినవి ఎన్ని ఉన్నాయి? చూడ్డానికి ఎన్ని ఉన్నాయన్న సంగతి తర్వాత. ఏడెనిమిదేళ్ల వయసు దాకా ఈ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పదు. దీన్ని పట్టుకుని ఒక్కో చోటూ ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో చూద్దాం.

ముందు వయసు సంగతి

రెండు మూడేళ్ల పిల్లలకి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం ఇష్టం. మెట్లు ఎక్కుతారు, దిగుతారు, మళ్లీ ఎక్కుతారు. బకెట్లో నీళ్లు నింపుతారు, ఒలకబోస్తారు, మళ్లీ నింపుతారు. మనకి అది అల్లరిలా కనిపిస్తుంది గానీ, ప్రతిసారీ అలాగే జరుగుతుందా లేదా అని వాళ్లు పరీక్షించుకుంటున్నారు. ఈ వయసులో బోర్డు మీద రాసింది, గైడు చెప్పేది, గాజు వెనక పెట్టింది, ఏదీ వాళ్లదాకా చేరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో, ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు వాళ్లు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడుతూ ఉండాలని, స్ట్రోలర్‌ లాంటి వాటిలో ఏకబిగిన గంటకి మించి ఉంచొద్దని ఉంది. ట్రిప్పు ప్లాన్ చేసేటప్పుడు ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకుంటే పనికిరాని ఎంపికలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. మూడు గంటలు కారులో, రెండు గంటలు స్ట్రోలర్‌లో గడిచే ట్రిప్పులో రెండేళ్ల పిల్లకి ఏమీ మిగలదు.

నాలుగైదేళ్లకి ప్రశ్నలు మొదలవుతాయి. ఎందుకు, ఎలా, ఎవరు చేశారు, చచ్చిపోతే ఏమవుతుంది, అంతూ పొంతూ ఉండదు. వీళ్లకి ప్రశ్న పుట్టించే చోటు కావాలి, దాంతో పాటు ఆ ప్రశ్న విని ఆగే పెద్దమనిషి కావాలి, రెండోది లేకపోతే మొదటిది దండగ. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల తీరు వేరు. లెక్కపెడతారు, పోలుస్తారు, ఏది పెద్దది ఏది వేగంగా పరిగెడుతుంది అని పోటీ పెడతారు, లిస్టులు రాస్తారు, ఏరి దాచుకుంటారు. మ్యూజియం, నక్షత్రశాల లాంటి చోట్లు సరిగ్గా పనిచేయడం ఇక్కడి నుంచి మొదలవుతుంది. వయసు అంకె కన్నా పిల్ల స్వభావం ముఖ్యమే, నాలుగేళ్లకే గంటసేపు డైనోసార్ ఎముకల ముందు నిలబడేవాళ్లు ఉంటారు. వాళ్ల సంగతి వాళ్ల అమ్మానాన్నలకి తెలుస్తుంది.

పార్కు, చెట్టూ పుట్టా

నాలుగేళ్ల లోపు పిల్లలకి వీటన్నిటిలో ఏదో ఒకటి చెప్పమంటే నేను మొహమాటం లేకుండా పార్కే చెప్తాను. పార్కంటే ఉయ్యాల, జారుడుబల్ల ఉన్నవే కానక్కర్లేదు. మట్టి, రాళ్లు, ఎండిన ఆకులు, పుల్లలు, కాస్త నీళ్లు, ఎక్కడానికి చిన్న గట్టు ఉంటే చాలు. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు, టికెట్ లేని చోట చదువేముంటుందిలే అనుకుంటారు.

చిన్నపిల్లల చదువు గురించి గట్టిగా ఆలోచించినవాళ్లు మాత్రం మొదటి నుంచీ మట్టి దగ్గరికే వచ్చారు. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం బడి లాంటిది మొదలుపెట్టినప్పుడు పాటలు, ఆటలు, చెక్క దిమ్మెలతో పాటు తోటపని కూడా అందులో భాగం, ఒక్కో పిల్లకీ తనదంటూ చిన్న మడి. ఇప్పుడు మనం కిండర్‌గార్టెన్ అంటున్నది అక్కడ పుట్టిందే. వందేళ్ల తర్వాత, 1943లో, డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ దగ్గర ఎంద్రుప్‌లో పాత చెక్కలు, పనికిరాని సామాన్లు పడేసి పిల్లల్నే కట్టుకోమని వదిలేసిన ఆటస్థలం తెరిచారు. సోరెన్సన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఆలోచన అది. చక్కగా కట్టిన పార్కుల కంటే కట్టడం జరుగుతున్న చోట్లలో పిల్లలు ఎక్కువ సంతోషంగా ఆడుకోవడం గమనించి ఆయన ఆ దారి పట్టాడు. తర్వాత అలాంటివి చాలా దేశాల్లో వచ్చాయి.

పార్కులో ఏం నేర్చుకుంటారు అని అడిగేవాళ్లకి ఒక్క చీమల బారు చూపిస్తే సరిపోతుంది. గోడ వెంబడి చీమలు పోతుంటాయి కదా, పిల్లని పక్కన గొంతుక్కూర్చోబెట్టండి. ముందు ఊరికే చూడనివ్వండి. ఎదురెదురు వచ్చిన చీమలు ఒకదాన్నొకటి తాకి ఆగి మళ్లీ కదులుతాయి, అది పిల్లే కనిపెడుతుంది. తర్వాత తడి వేలితో ఆ బారుకి అడ్డంగా ఒక్క గీత రుద్దండి, చీమల మీద పడకుండా. వెంటనే గందరగోళం మొదలవుతుంది. అటు వచ్చినవి అటే ఆగిపోతాయి, ఇటు వచ్చినవి వెనక్కి తిరుగుతాయి, కొన్ని గుండ్రంగా తిరుగుతూ వెతుకుతాయి. "దారి మర్చిపోయాయా అమ్మా?" అని అడుగుతుంది పిల్ల. చీమలు నడుస్తూ దారి పొడవునా వాసన వదులుతాయని, వెనకవచ్చేవి దాన్ని పట్టుకునే వస్తాయని, ఇప్పుడు ఆ వాసన చెరిగిపోయిందని అప్పుడు చెప్పండి. ఈలోపు ఏదో ఒక చీమ ధైర్యం చేసి గీత దాటుతుంది, దాని వెనక ఇంకోటి, కాసేపటికి బారు మళ్లీ కలిసిపోతుంది. ఇందులో పరిశీలన ఉంది, ప్రయోగం ఉంది, కారణం ఉంది. ఏ సైన్స్ సెంటర్‌లోనైనా ఇంతకంటే బాగా నేర్పడం కష్టం.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. ఒక భూతద్దం, ఏరినవి వేసుకోవడానికి మూతున్న డబ్బా, కాగితం, క్రేయాన్. చిన్నపిల్లలకి బైనాక్యులర్స్ కొనకండి, రెండు కళ్లకీ కుదుర్చుకుని ఫోకస్ పట్టడం ఐదేళ్లకి కూడా కష్టమే. అట్టగొట్టంలోంచి చూడమంటే చాలు, చూపు ఒక్క చోట నిలుస్తుంది, కావలసింది అదే. ఆకు మీద కాగితం పెట్టి క్రేయాన్ పడుకోబెట్టి రుద్దితే ఈనెలన్నీ తేలతాయి, మూడేళ్ల పిల్ల కూడా చేస్తుంది.

చెరువో వాగో సముద్రపు ఒడ్డో దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. తెల్లటి పళ్లెంలో కాసిని చెరువు నీళ్లు పోసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే అందులో ఈదే పురుగులు, కప్ప పిల్లలు కనిపిస్తాయి, చూశాక ఎక్కడివి అక్కడే వదిలేయాలి. సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య గుంటలు చూడాలంటే ఆటుకి వెళ్లాలి, నీళ్లు ఇంకా వెనక్కి తగ్గుతున్నప్పుడే మొదలుపెట్టి, తిరగబడకముందే వచ్చేయాలి. నీళ్ల దగ్గర ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. చిన్నపిల్లలు అరచేతి లోతు నీళ్లలో కూడా మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా. ఒక పెద్దమనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.

జూ, ఫామ్, అక్వేరియం: జంతువుల కోసమైతే

జంతువులంటే ముందు జూయే గుర్తొస్తుంది. బాగుంటుంది, కాదనను. కానీ మూడేళ్ల పిల్లకి జూ, ఫామ్ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఫామ్ అంటాను. ఆవు దగ్గరికి వెళ్తే ఊపిరి వెచ్చగా చేతికి తగులుతుంది, మేక చేతిలో ఆకు లాక్కుంటుంది, కోడి గుడ్డు చేతిలో పెట్టుకుంటే ఇంకా వేడిగా ఉంటుంది. జూలో సింహం ఎక్కడో దూరంగా, చెట్టు నీడలో, పడుకుని ఉంటుంది. సింహాలు రోజుకి ఇరవై గంటల దాకా విశ్రాంతిలోనే గడుపుతాయి, కాబట్టి మధ్యాహ్నం వెళ్లి సింహం లేవడం లేదని పిల్లలు ఏడిస్తే తప్పు సింహానిదీ కాదు, పిల్లలదీ కాదు. జూకి పొద్దున్నే తలుపులు తీసే వేళకి వెళ్లాలి, లేదా జంతువులకి మేత పెట్టే వేళలు ముందే కనుక్కుని ఆ వేళకి చేరాలి. మిట్టమధ్యాహ్నం జూకి వెళ్లడం పెద్దవాళ్లకే కష్టం.

జూలో అన్నీ చూడాలన్న పంతం వదిలేస్తే సగం అలసట పోతుంది. నాలుగైదు జంతువులు ఎంచుకోండి, ఒక్కోదాని దగ్గర పదిహేను నిమిషాలు నిలబడండి. జిరాఫీ దగ్గర ఆగినప్పుడు, అంత పొడుగు మెడలోనూ ఎముకలు ఏడే, నీ మెడలోనూ ఏడే అని చెప్పి పిల్ల తన మెడ తడుముకునేలా చేయండి, ఆరేళ్ల పిల్లకి అది జన్మలో మరిచిపోని విషయం అవుతుంది. ఫ్లెమింగోల దగ్గర, ఇవి పుట్టినప్పుడు బూడిదరంగులో ఉంటాయి, తినే తిండి వల్లే గులాబీ రంగు వస్తుంది అంటే, నేనేం తింటే ఆ రంగొస్తానా అని అడక్కుండా ఉండే పిల్లలు తక్కువ. ఒక్కో జంతువు దగ్గర ఇలాంటిది ఒక్కటి ఉంటే చాలు, బోర్డు మొత్తం చదివి వినిపించక్కర్లేదు.

ఫామ్‌తో ఒక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆరోగ్యంగా కనిపించే ఆవులు, గొర్రెలు, మేకల నుంచి కూడా ఈ. కోలై లాంటి సూక్ష్మక్రిములు అంటుకునే వీలుంది, ఐదేళ్ల లోపు పిల్లల్లో అవి తీవ్రమైన జబ్బు తెప్పించగలవు. జంతువులున్న చోట తినడం, పాల పీక నోట్లో పెట్టుకోవడం వద్దు. బయటికి రాగానే సబ్బు, పారే నీళ్లతో చేతులు బాగా రుద్ది కడగాలి, శానిటైజర్ రాసేసి అయిపోయిందనుకుంటే సరిపోదు. వెళ్లే ముందే ఫోన్ చేసి చేతులు కడుక్కునే చోటు ఉందా అని అడగండి. లేదంటే ఆ ఫామ్ వదిలేయండి, ఎంత బాగున్నా సరే.

అక్వేరియం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఎండ లేదు, నడక తక్కువ, గాజు నేలదాకా ఉంటుంది కాబట్టి రెండేళ్ల పిల్ల కూడా ఎత్తుకోమనకుండా చూడగలదు, చేప ముక్కు దగ్గరికే వస్తుంది. గోలకి బెదిరే పిల్లలకి, జనంలో చిరాకుపడే పిల్లలకి జూ కంటే ఇది ఎంతో నయం, రద్దీ లేని వేళ ఎంచుకుంటే. నాలుగేళ్లు దాటినవాళ్లకి మాటలూ బోలెడు దొరుకుతాయి: ఆక్టోపస్‌కి మూడు గుండెలు, సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని సంచిలో మోసేది నాన్న, చాలా చేపలకి కనురెప్పలుండవు కాబట్టి కళ్లు తెరిచే నిద్రపోతాయి. అయితే గంటన్నరలో అయిపోతుంది, రోజంతా గడపడానికి చాలదు. ఒక్క అక్వేరియం కోసమే దూర ప్రయాణం పెట్టుకోవద్దని నా సలహా. పక్కన ఆడుకునే చోటు కూడా ఉంటే అప్పుడు సరే.

సైన్స్ సెంటరా, మ్యూజియమా?

సైన్స్ సెంటర్లలో "ముట్టుకోండి" అనే పద్ధతి ఇప్పుడు మామూలైపోయింది గానీ ఒకప్పుడు మ్యూజియం అంటే చేతులు కట్టుకుని నడిచే చోటే. పిల్లల కోసమే అని మొదటి మ్యూజియం 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తెరిచారు. 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతికశాస్త్రవేత్త శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం పెట్టాడు. వచ్చినవాళ్లే తిప్పాలి, నొక్కాలి, వెలిగించాలి, ఏమవుతుందో వాళ్లే చూసుకోవాలి. ఆ తర్వాత ప్రపంచంలో ఎన్నో సైన్స్ సెంటర్లు ఆ దారిలో నడిచాయి.

అయినా అన్ని సైన్స్ సెంటర్లూ ఒకటి కావు. చాలాచోట్ల ముట్టుకోవడం అంటే ఒక బటన్ నొక్కడమే. పిల్లాడు నొక్కుతాడు, లైటు వెలుగుతుంది, అది పూర్తయ్యేలోపే పక్క బటన్ దగ్గరికి పరిగెడతాడు, పావుగంటలో హాలంతా నొక్కేసి ఇంకేముంది అంటాడు. వాడి తప్పేం లేదు, ఆ యంత్రం వాడికి చేయడానికి ఏమీ మిగల్చలేదు. మంచి ఎగ్జిబిట్ ఎలా ఉంటుందంటే, పిల్లలు ఏదైనా మార్చగలరు, మార్చితే ఫలితం మారుతుంది. బంతి దొర్లే వాలు ఎత్తు పెంచొచ్చు, నీళ్ల కాలువకి అడ్డుపెట్టి దారి మళ్లించొచ్చు, గాలి గొట్టం మీద ఏది తేలుతుందో ఏది పడిపోతుందో తమ చేత్తో పెట్టి చూడొచ్చు. టికెట్ కొనే ముందు వాళ్ల ఫొటోలు చూడండి. పిల్లలు ఒక్క వేలు పెట్టి నొక్కుతున్నారా, రెండు చేతులూ పెట్టి ఏదైనా చేస్తున్నారా అని గమనిస్తే ఆ చోటు సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఐదేళ్ల లోపు వాళ్లకి వేరే గది ఉందో లేదో కూడా చూడండి, పెద్దపిల్లల మధ్య చిన్నవాళ్లకి వంతు రాదు.

మామూలు మ్యూజియం, అంటే బొమ్మలు, పాత వస్తువులు, పెయింటింగులు ఉండేవి, చిన్నపిల్లలకి పనికిరాదని కొట్టిపారేయను. పద్ధతి మార్చాలి, అంతే. మ్యూజియంలో తిరిగితే అలసట ఎందుకు వస్తుందన్నది కొత్త ప్రశ్న కాదు. బోస్టన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే దీని మీద వ్యాసం రాశాడు, అద్దాల బీరువాల్లోని వస్తువులు చూడాలంటే ఒక పెద్దమనిషి ఎన్ని వంకర్లు తిరగాలో, ఎలా వంగాలో, ఎలా సాగాలో ఫొటోలు తీసి మరీ చూపించాడు. పెద్దవాళ్లకే అలా ఉంటే మూడడుగుల పిల్ల గురించి ఆలోచించండి. ఆమెకి కనిపించేది బీరువా కాళ్లు, జనం వీపులు. అప్పుడప్పుడు పిల్ల ఎత్తుకి వంగి అక్కడి నుంచి ఏం కనిపిస్తోందో మీరే చూడండి, ఎందుకు విసుగొస్తోందో వెంటనే అర్థమవుతుంది.

కాబట్టి మ్యూజియంలో రెండు గదులు చాలు. వెళ్లే ముందు ఏదో ఒకటి వెతకమని పని ఇవ్వండి, గుర్రాలు ఎన్ని ఉన్నాయి, నవ్వుతున్న ముఖాలు ఎన్ని ఉన్నాయి, అలాంటిది. నచ్చిన ఒక్క వస్తువు ముందు నేల మీద కూర్చుని పెన్సిల్‌తో బొమ్మ వేయనివ్వండి. బొమ్మ ఎలా వచ్చిందన్నది పట్టించుకోవద్దు, వేస్తున్నంతసేపూ ఆ వస్తువుని చూస్తుంది కదా. గంట దాటితే బయటికి వచ్చేయండి, పిల్ల ఇంకా ఉంటానన్నప్పుడే వస్తే ఇంకా మంచిది, మళ్లీ రావడానికి ఒప్పుకుంటుంది.

పాతకాలపు ఇళ్లు, పనులు ఉన్నవి ఉన్నట్టుగా చూపించే బహిరంగ మ్యూజియం దగ్గర్లో ఉంటే గాజు బీరువాల మ్యూజియం కన్నా దానికే నా ఓటు. 1891లో స్టాక్‌హోమ్‌లో తెరిచిన స్కాన్సెన్ ఇలాంటి వాటికి తొలినాళ్ల నమూనా, దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లు విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. కుండ చేస్తుంటే, బట్ట నేస్తుంటే, ఇనుము కాల్చి కొడుతుంటే ఐదేళ్ల పిల్లలు కన్నార్పకుండా చూస్తారు. రైళ్లు, విమానాల మ్యూజియం కూడా ఇదే కోవలోకి వస్తుంది, ఎక్కి కూర్చోనిస్తేనే సుమా.

నక్షత్రశాలకి తొందరపడకండి

నక్షత్రశాల అంటే నాకు చాలా ఇష్టం, అందుకే మరీ చిన్నవాళ్లని తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తున్నాను. గోపురం లోపల నక్షత్రాలు చూపించే ప్రొజెక్టర్‌ని 1923లో మ్యూనిక్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అప్పటికీ ఇప్పటికీ మారనిది ఒకటుంది, లోపల చిమ్మచీకటి చేస్తారు. మూడేళ్ల పిల్లకి ఆ చీకటి భయం, పైనుంచి పెద్ద గొంతు, షో మధ్యలో లేచి వెళ్లడం కష్టం. ఒకసారి భయపడితే మళ్లీ చాలాకాలం రానంటారు. చిన్నపిల్లల కోసం వేరే షో ఉంటే నాలుగేళ్ల నుంచి చూడొచ్చు, మామూలు షో అయితే ఆరేళ్లు ఆగండి.

ఆగినంత కాలం ఊరికే ఉండక్కర్లేదు. ఒక పదిహేను రోజులు చంద్రుణ్ణి చూపించండి, ఎలా ఉన్నాడో కాగితం మీద గుండ్రం గీసి రంగు వేయమనండి. రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి నిన్న ఉన్నచోట ఇవాళ ఉండడు, కొన్ని రోజులు పగలే కనిపిస్తాడు, అది పిల్లలకి పెద్ద వింత. ఈ కాగితాలు ఉన్న పిల్ల నక్షత్రశాలకి వెళ్తే అక్కడ చెప్పేది తనకి తెలిసినవాళ్ల గురించి విన్నట్టు వింటుంది.

ఇంట్లో, ఇంటి పక్కన

వాన పడుతోంది, జలుబు చేసింది, చేతిలో డబ్బులు ఆడటం లేదు. అలాంటి రోజుల్లో లైబ్రరీ ఉంటే మొదట అక్కడికి వెళ్లండి. కథలు చదివి వినిపించే వేళలు చాలా లైబ్రరీల్లో ఉంటాయి, చాలామటుకు ఉచితం. పుస్తకం పిల్లే ఎంచుకోవాలి, చిరిగిన బొమ్మల పుస్తకమైనా, పోయినసారి తెచ్చిందే అయినా.

ఇంటి దగ్గర జేసీబీ పని చేస్తోందా? కంచె బయట సురక్షితమైన దూరంలో నిలబెట్టి చూపించండి. రెండు మూడేళ్ల వాళ్లకి దానికి మించిన ప్రదర్శన లేదు. రైలు వంతెన, ఫైర్ స్టేషన్, బస్ డిపో, ఇవన్నీ ఆ జాబితాలోవే.

ఇంట్లో చేసేవాటిలో నాకు నచ్చినవి రోజంతా సాగేవి. పొద్దున పిల్లని ఎండలో నిలబెట్టి నేల మీద నీడ చుట్టూ సుద్దతో గీయండి, పాదాల గుర్తు కూడా వేయండి. మధ్యాహ్నం అదే గుర్తు మీద నిలబెట్టి మళ్లీ గీయండి, సాయంత్రం మళ్లీ. నీడ పొట్టిదవడం, పక్కకి జరగడం చూసి, నన్నెవరు కదిపారు అని అడుగుతారు. సమాధానం ఐదేళ్లకి సగం, ఏడేళ్లకి మొత్తం చెప్పొచ్చు. ఇంకోటి, చిన్న బొమ్మలు నీళ్లలో వేసి గడ్డకట్టించి, ఆ మంచుగడ్డలోంచి బొమ్మల్ని విడిపించమనండి. ఒక మూల ఉప్పు, ఒక మూల గోరువెచ్చటి నీళ్లు వేసి ఏది ముందు కరిగిస్తుందో చూస్తారు. నల్ల స్కెచ్ పెన్నుతో టిష్యూ కాగితం మీద చుక్క పెట్టి అంచు నీళ్లలో తగిలిస్తే నలుపు విడిపోయి లోపలి రంగులు బయటికి వస్తాయి, చెరిగే ఇంకు ఉన్న పెన్నయితేనే.

డబ్బు కట్టి చేర్చే వర్క్‌షాపులు, బొమ్మలు చేయడం, రోబోలు, అవీ ఇవీ ఉంటాయి కదా. వాటికి ఒక పరీక్ష చెప్తాను: క్లాసు అయ్యాక పిల్లలు చేసినవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ ఒకేలా ఉంటే ఆ పని టీచర్ చేసినట్టే. వంకరగా, ఒక్కోటి ఒక్కోలా ఉంటే అక్కడికి మళ్లీ పంపొచ్చు.

ఇద్దరు పిల్లలు, రెండు వయసులు

అసలు కష్టం ఇక్కడుంది. ఏడేళ్ల అక్క సైన్స్ సెంటర్ అంటుంది, మూడేళ్ల తమ్ముడు అక్కడ ఏడుస్తాడు. వీలైతే ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి, లోపల గంటన్నర విడిపోండి. ఒక్కరే అయితే రోజు చిన్నవాడి ఓపికని బట్టి నడవాలి, పెద్దది సర్దుకోగలదు. అలాంటప్పుడు పార్కు, ఫామ్, సముద్రం ఒడ్డు ఎంచుకోవడం తెలివైన పని, ఎందుకంటే అదే చోట చిన్నవాడు మట్టి తవ్వుతాడు, పెద్దది పురుగుల బొమ్మలు వేసి పేర్లు రాస్తుంది, ఇద్దరికీ ఎవరి పని వాళ్లకి దొరుకుతుంది. అక్కకి ఏదో ఒక బాధ్యత ఇవ్వండి, మ్యాపు చూసి దారి చెప్పడమో, ఫొటోలు తీయడమో. అలా చేస్తే తమ్ముడి కోసం తన సరదా పోయిందన్న బాధ తగ్గుతుంది. ఎప్పుడో ఒక రోజు ఆమె ఒక్కదాన్నే నక్షత్రశాలకి తీసుకెళ్లండి కూడా.

వేళల విషయంలో పట్టింపు పెట్టుకోండి. పగటి నిద్ర ఉన్న పిల్లలైతే ఆ వేళకి ఇంట్లోనో, తిరుగు ప్రయాణంలోనో ఉండాలి. ఐదేళ్ల లోపు వాళ్లకి ఏ చోటైనా రెండు గంటలు, మధ్యలో తినడానికి, పరిగెత్తడానికి విరామం. టాయిలెట్ ఎక్కడుందో లోపలికి అడుగుపెట్టగానే చూసి పెట్టుకోండి.

ఇక ఖర్చు సంగతి. ఏడాదికోసారి పెద్ద ట్రిప్పు, ఏడాది పొడవునా దగ్గర్లోని చిన్న చోటికి పాస్, ఈ రెండింటిలో ఏది అని చాలామంది అడుగుతారు. పిల్లలు ఎనిమిదేళ్ల లోపు వాళ్లయితే పాసే తీసుకోండి. పాస్ ఉంటే గంటలో తిరిగొచ్చేసినా డబ్బులు దండగయ్యాయని టెన్షన్ ఉండదు, ఇవాళ తాబేళ్లు మాత్రమే చూసి వచ్చేయొచ్చు, వచ్చే వారం మళ్లీ తాబేళ్లే అడిగినా సరే అనొచ్చు. అలా అడిగినప్పుడు వేరే జంతువులు చూద్దామని లాగకండి. రెండోసారి వెళ్లినప్పుడు పిల్ల తాబేలు ఎలా తింటుందో చూస్తుంది, మూడోసారి దాని పెంకు మీది గళ్లు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది.